తలలో పాత నెత్తురు: చిల్లు పెట్టి తీయాలా, రక్తనాళం మూసేయాలా?

మా మావయ్య భోగి నాడు వరండాలో జారి పడ్డాడు. గుంటూరు బ్రాడీపేటలో పాత ఇల్లు, నున్నటి గచ్చు, అత్తయ్య అప్పుడే కడిగింది. నుదుటి మీద చిన్న బొప్పి, అంతే. మార్చి వచ్చేసరికి కుడికాలి చెప్పు ఊడిపోయినా తెలియడం లేదు. అన్నం కలుపుతూ కలుపుతూ మధ్యలో ఆగిపోతున్నాడు. మొదట చూపించిన చోట "డెబ్భై నాలుగేళ్ళు కదండీ, వయసు" అని బలానికి మాత్రలు రాసి పంపేశారు. సీటీ స్కాన్ తీయించాక అసలు సంగతి బయటపడింది. మెదడుకి ఎడమవైపు, పైపొర కింద పాత నెత్తురు చేరింది. డాక్టర్లు క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా, పొట్టిగా క్రానిక్ ఎస్‌డీహెచ్ అంటారు.

పెద్దవయసులో మెదడు కాస్త కుంచించుకుపోతుంది. దాంతో మెదడు నుంచి పైపొరకి వెళ్ళే సన్నటి సిరలు సాగి ఉంటాయి, చిన్న దెబ్బకే చిట్లుతాయి. కారిన నెత్తురు వారాలు గడిచేకొద్దీ పలచబడి, మాడిన ఇంజిన్ ఆయిల్‌లా తయారవుతుంది. దాని చుట్టూ ఒక పొర కడుతుంది. ఆ పొరలో కొత్తగా పుట్టే రక్తనాళాలు మహా పెళుసు, ఊరుతూనే ఉంటాయి. పడ్డ రోజు ఏమీ లేని మనిషికి రెండు నెలల తర్వాత కాలు ఈడవడం అందుకే. మావయ్య గుండెకని రోజూ యాస్పిరిన్ కూడా వేసుకుంటాడు, అది చాలదన్నట్టు.

ఇక ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. గుంటూరు డాక్టరుగారు బర్ హోల్ అన్నారు. పుర్రెకి రూపాయి బిళ్ళ కన్నా చిన్న చిల్లు ఒకటో రెండో పెట్టి, నెత్తురు కడిగేసి, సన్నటి గొట్టం ఒకటి రెండు రోజులు ఉంచడం. అవసరమైతే పూర్తి మత్తు లేకుండా కూడా చేయొచ్చు. విజయవాడలో ఉండే మా బావ మాత్రం ఫోన్లో ఒకటే గోల: "చిల్లులెందుకురా? చేతి నాళంలోంచి వైరు పంపి మూసేస్తారట. సూర్యారావుపేటలో కనుక్కున్నా."

బావ చెప్పింది అబద్ధం కాదు. పైపొరకి రక్తం అందించే మిడిల్ మెనింజియల్ ఆర్టరీలోకి సన్నటి గొట్టం పంపి, జిగురులాంటి ద్రవంతో దాన్ని మూసేస్తారు. ఆ పెళుసు నాళాలకి రక్తం అందదు, ఊట ఆగుతుంది, ఉన్న నెత్తురు మెల్లగా ఇంకిపోతుంది. అయితే ఆ మెల్లగా అన్నది వారాలు, ఒక్కోసారి నెలలు. చేలో నీళ్ళు నిలిచి నారు కుళ్ళుతుంటే కాలవ తూము మూసినంత మాత్రాన సరిపోదు. ముందు నీళ్ళు తోడాలి. కాలు చచ్చుబడుతున్న మనిషికి తోడడమే.

పరిశోధన చెప్పేదీ దాదాపు ఇదే. 2024లో అమెరికాలో ఎంబొలైజ్ అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. 400 మందిని తీసుకున్నారు, అందరికీ ఆపరేషన్ చేశారు, సగం మందికి దానికి తోడుగా నాళం కూడా మూశారు. 90 రోజుల్లో నెత్తురు మళ్ళీ చేరి రెండో ఆపరేషన్ అవసరమైనవాళ్ళు, మూసినవాళ్ళలో 4.1 శాతం, మూయనివాళ్ళలో 11.3 శాతం. మంచి తేడా. కానీ చూడండి, ఇది ఆపరేషన్‌కి బదులు కాదు, ఆపరేషన్‌తో పాటు. బావ ఆ ముక్క వదిలేశాడు. పైగా మూయించుకున్న 197 మందిలో నలుగురికి ఆ ప్రక్రియ వల్లే తీవ్రమైన ఇబ్బందులొచ్చాయి. కంటికి వెళ్ళే నాళంతో ఈ ఆర్టరీకి కొందరిలో లంకె ఉంటుంది, జిగురు అటు పోతే చూపుకే ముప్పు. చైనాలో 722 మందితో చేసిన ఇంకో పరీక్షలో తిరగబెట్టినవాళ్ళు, మూసినవాళ్ళలో 6.7 శాతం, మూయనివాళ్ళలో 9.9 శాతం. ఆ తేడాని గట్టిగా నమ్మడానికి లేదు.

ఆపరేషన్ తర్వాత ఆ చిల్లులో ఉంచే డ్రెయిన్ గొట్టం సంగతి చాలామంది అడగరు, నిజానికి అడగాల్సింది అదే. 2009లో కేంబ్రిడ్జిలో 215 మందిని చూస్తే, గొట్టం ఉంచినవాళ్ళలో 9.3 శాతం మందికే మళ్ళీ వచ్చింది, ఉంచనివాళ్ళలో 24 శాతం. వైరు లేదు, జిగురు లేదు, ఒక ప్లాస్టిక్ గొట్టం!

స్టెరాయిడ్ మాత్రలతో కరిగించేద్దామని ఎవరైనా అంటే వద్దనండి. బ్రిటన్‌లో 748 మందిపై చేసిన పరీక్షలో, ఆరు నెలల తర్వాత బాగున్నవాళ్ళు మాత్రలు వాడినవాళ్ళలో 83.9 శాతం, ఉత్తుత్తి మాత్రలు వాడినవాళ్ళలో 90.3 శాతం. మన ఇళ్ళల్లో షుగర్ లేని పెద్దవాళ్ళే తక్కువ, స్టెరాయిడ్ పడితే అది ఎక్కడికి పోతుందో తెలిసిందే.

నాకైతే లక్షణాలు ముదిరినవాళ్ళకి ముందు చిల్లు, డ్రెయిన్. ఒకసారి తీసినా మళ్ళీ చేరినవాళ్ళకి, రక్తం పలచబరిచే మందులు ఆపడానికి వీల్లేనివాళ్ళకి నాళం మూయడం గురించి అడగొచ్చు. అయితే ఆస్పత్రిలో క్యాథ్ ల్యాబ్, అంటే నాళాల్లోకి గొట్టం పంపే గది, ఉంటే చాలదు, మెదడు నాళాల్లో పనిచేసిన చెయ్యి కావాలి. ఖర్చూ ఎక్కువే.

మావయ్యకి గుంటూరులోనే చేయించాం. రెండో రోజు గొట్టం తీశారు. యాస్పిరిన్ మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో గుండె డాక్టరూ తల డాక్టరూ మాట్లాడుకుని చెబుతామన్నారు, ఆ కాగితం కోసం నేను రెండుసార్లు తిరిగాను. ఇంటికొచ్చిన మూడో రోజు చెప్పులు తనే వేసుకుని వరండాలోకి నడిచాడు. అత్తయ్య అప్పుడే కడుగుతోంది.