నాబీ టైరా, 80/20 టైరా?

డ్యూయల్ స్పోర్ట్, అంటే తారు రోడ్డు మీదా మట్టిదారిలోనూ నడిపే బైక్‌కు టైర్లు మార్చేటప్పుడు ఎక్కువమంది ఆగిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. 80/20 అంటే ఎనభై వంతులు తారు రోడ్డుకి, ఇరవై వంతులు మట్టిదారికి అనుకుని చేసిన టైరు. నాబీకి ఎత్తయిన రబ్బరు గుబ్బలు, వాటి మధ్య వెడల్పాటి ఖాళీలు ఉంటాయి.

అసలు తేడా బురదలో తెలుస్తుంది. 80/20 టైరు గాడుల్లో బంకమట్టి నిండిపోతే అది నున్నటి టైరుతో సమానం. నాబీ తిరుగుతూనే చాలావరకు బురదను విసిరేస్తుంది, గుబ్బలు మళ్లీ నేలను పట్టుకుంటాయి. ముందు చక్రానికి ఈ పట్టు మరీ ముఖ్యం. వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందుది జారితే పడిపోవడమే. గట్టి కంకర దారికైతే 80/20 చాలు.

తారు మీద లెక్క తిరగబడుతుంది. నాబీలో నేలకు ఆనే రబ్బరు తక్కువ. గట్టిగా బ్రేక్ వేస్తే గుబ్బలు వంగుతాయి, తడి రోడ్డు మీద టెన్షన్ తప్పదు. శబ్దం ఎక్కువ, అరుగుదలా త్వరగానే. టైరు పక్కన వేగపు అక్షరం కూడా చూడండి: క్యూ అని ఉంటే గరిష్ఠం గంటకు 160 కిలోమీటర్లు.

వారమంతా రోడ్డు మీదే తిరిగి, ఎప్పుడో ఒక ఆదివారం మట్టిదారి పట్టేవాళ్లకు నేను 80/20నే చెబుతాను. ఏ టైరైనా, మట్టిలో కొంచెం గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. ట్యూబ్ ఉంటే మరీ తగ్గించకండి, రాయి తగిలితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి పంక్చరవుతుంది. తిరిగి తారెక్కే ముందు గాలి నింపండి.