విద్యుత్ కారు నిర్వహణ, వైపర్ల సంరక్షణ: తిరుపతి ఎండవానల్లో కొన్నేళ్ల వాడకం తరువాత

విద్యుత్ కారు కొంటే నిర్వహణ బాధే ఉండదని అమ్మేవారు చెప్పే మాటలో ముప్పాతిక నిజం ఉంది. మిగిలిన పావు వంతు సంగతి మొదటి పెద్ద వాన పడగానే బండి ముందు అద్దం మీద తెలుస్తుంది. నేను తిరుపతిలో వాడుతున్నది టాటా నెక్సాన్ ఈవీ తొలి తరం బండి, అంటే 2020 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన, 30.2 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న మోడల్. ఊళ్లో రోజువారీ తిరుగుడు, పూతలపట్టు మీదుగా చిత్తూరుకు తరచు ప్రయాణం, చుట్టాలు వచ్చినప్పుడల్లా తిరుమల కొండకు వెళ్లి రావడం, దాని పని ఇంతే. ఒక చార్జికి ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, పికప్ ఎలా ఉంటుంది అన్న విషయాలు ఇప్పటికే చాలామంది రాశారు గనుక వాటి జోలికి పోను. బండి పాతబడుతున్న కొద్దీ మన చేత ఏయే పనులు చేయించుకుంటుంది, వాటిలో అందరూ చిన్నచూపు చూసే వైపర్లను మన ఊరి వాతావరణంలో ఎలా కాపాడుకోవాలి అన్నంత వరకే ఈ సమీక్ష.

ముందు తప్పిన ఖర్చులు చెప్పాలి. ఇంజన్ ఆయిల్ లేదు, ఆయిల్ ఫిల్టరు లేదు, స్పార్క్ ప్లగ్గులు, టైమింగ్ బెల్టు, క్లచ్చు ప్లేట్లు, సైలెన్సరు ఏవీ లేవు. బ్యాటరీకి, మోటారుకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది కాబట్టి వాటి గురించి నిద్ర పాడు చేసుకోవలసిన పని కూడా లేదు. పెట్రోలు బండి ఉన్న రోజుల్లో సర్వీసు బిల్లులో సగం ఆక్రమించిన వరుసలన్నీ ఇప్పుడు ఖాళీ. మిగిలినవి బ్రేకు ఆయిల్, బ్యాటరీని చల్లగా ఉంచే కూలెంటు, ఏసీ ఫిల్టరు, టైర్లు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ, వైపర్లు. చిక్కంతా ఇక్కడే ఉంది. పెట్రోలు బండిని ఆయిల్ మార్చడానికైనా ఆరు నెలలకోసారి మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లేవాళ్లం, ఆ వంకతో అతడు టైర్లు, బ్రేకులు, వైపర్లు కూడా చూసేవాడు. ఇప్పుడు ఆ వంక పోయింది. మా వీధి చివర మెకానిక్ అయితే బోనెట్ ఎత్తి చూసి, "ఇందులో నేను చేసేదానికి ఏముంది సార్, ఆయిలే లేదు కదా" అని నవ్వేశాడు. అతడు చూడని వాటినన్నింటినీ ఇక యజమానే చూసుకోవాలి.

12 వోల్టుల బ్యాటరీ గురించి చాలామందికి తెలియదు. కింద అంత పెద్ద బ్యాటరీ ఉండగా ఈ చిన్నది ఎందుకని అడుగుతారు. తలుపుల లాకులు, దీపాలు, వైపర్ మోటారు, చివరకు పెద్ద బ్యాటరీని బండికి కలిపే స్విచ్చులు కూడా దీని మీదే నడుస్తాయి. ఇది పడిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు. బండిని వారాల తరబడి కదపకుండా ఉంచినప్పుడు, వైపర్లు మామూలు కంటే నెమ్మదిగా, బరువుగా తిరుగుతున్నట్టు అనిపించినప్పుడు దీన్ని పరీక్ష చేయించడం మంచిది. మన కరకంబాడిలోనే అమరరాజా వారి కర్మాగారం ఉన్న ఊరికి బ్యాటరీల గురించి ఇంకొకరు పాఠం చెప్పనక్కరలేదు గానీ, ఈ ఒక్క బ్యాటరీని మాత్రం ఊరంతా మరిచిపోతున్నట్టు ఉంది.

బ్రేకుల విషయంలో కొండ దారి మంచి పరీక్ష. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు మీదుగా ఎక్కి, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీదుగా దిగేటప్పుడు, యాక్సిలరేటరు పెడలు మీద నుంచి కాలు తీస్తే చాలు, మోటారే జనరేటరుగా మారి బండిని నిదానింపజేస్తూ బ్యాటరీలోకి కొంత కరెంటు తిరిగి పంపుతుంది. ఎక్కేటప్పుడు గబగబా తగ్గిన శాతం దిగేటప్పుడు కొంత వెనక్కి రావడం చూడముచ్చటగా ఉంటుంది. అయితే బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే ఆ కరెంటుకు చోటుండదు, నిదానింపు తగ్గిపోతుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. అందుచేత కొండ మీద నూరు శాతం చార్జి చేసుకొని దిగడం తెలివైన పని కాదు. ఊళ్లో మాత్రం దీనికి పూర్తిగా తిరగబడిన సమస్య వస్తుంది. బ్రేకులు వాడకమే తక్కువ కాబట్టి వానలో తడిసిన డిస్కుల మీద తుప్పు పొర కడుతుంది, బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ల పిన్నులు బిగుసుకుపోతాయి. ప్యాడ్లు అరగలేదు కదా అని వదిలేయకుండా, ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించి పిన్నులకు గ్రీజు పెట్టించాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక, బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకు మార్పించడం మేలు.

టైర్ల గురించి ఎక్కువ చెప్పను. బండి బరువు ఎక్కువ, లాగుడు ఒక్కసారిగా వస్తుంది, కాబట్టి త్వరగా అరుగుతాయి. గాలి సరిగా ఉంచి, పదివేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లను వెనక్కి, వెనక టైర్లను ముందుకు మార్పిస్తే చాలు.

ఇక వైపర్ల దగ్గరకు వద్దాం. తిరుపతిలో వైపర్ రబ్బరును చంపేది వాన కాదు, ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో ఆ రబ్బరు నెలల తరబడి కాలే అద్దాన్ని అంటుకొని, ఒకే పక్కకు వంగి, దుమ్ము మీద పడుకొని ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు, గాలిలోని ఓజోన్‌కు రబ్బరు గట్టిపడి సన్నగా చీలుతుంది. నైరుతిలోనూ మనకు కొన్ని వానలు పడతాయి. అయితే కుండపోత వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతపు వాయుగుండాలతో వస్తుంది. అంటే వేసవి అంతా ఎండిన రబ్బరును సరిగ్గా కుండపోత మొదలైన రాత్రే మొదటిసారి గట్టిగా వాడతాం.

బ్లేడును దగ్గరగా చూస్తే దాని పని అర్థమవుతుంది. అద్దాన్ని తాకే రబ్బరు పెదవి చాలా సన్నగా ఉంటుంది. వైపర్ చేయి, అంటే బ్లేడును పట్టి ఉండే కడ్డీ, కుడికి పోయేటప్పుడు అది ఎడమకు వాలాలి, తిరిగి వచ్చేటప్పుడు టక్కున రెండో పక్కకు వాలాలి. గట్టిపడిన రబ్బరు అలా తిరగబడదు. అందుకే పోయేటప్పుడు శుభ్రంగా తుడిచి, వచ్చేటప్పుడు గడగడమని ఎగురుతూ గీతలు వదులుతుంది. పెట్రోలు బండిలో ఇంజన్ మోతలో ఆ చప్పుడు కలిసిపోయేది. ఈ బండిలో లోపల అంత నిశ్శబ్దం గనుక చిన్న కిర్రుమన్న శబ్దం కూడా చెవిలో పడుతుంది, దాంతో లేని జబ్బును కూడా ఊహించుకుంటాం. ఒక పక్కకు పోయేటప్పుడే మరక వదిలితే రబ్బరు ముదిరిందని, సన్నని గీత ఒకే చోట పడుతుంటే అంచులో ఇసుకరేణువో చిన్న చీలికో ఉందని, మధ్యలో ఒక పట్టీ అంతా తుడవకుండా మిగిలితే బ్లేడు వంగిందని లేదా చేతి స్ప్రింగు బలం తగ్గిందని అర్థం చేసుకోవచ్చు. రెండు వైపులా ఎగిరితే బ్లేడును అనుమానించే ముందు అద్దాన్ని అనుమానించాలి.

ఈ చివరి మాట నొక్కి చెప్పవలసి ఉంది, ఎందుకంటే వైపర్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వరకు నిజానికి అద్దం మీద ఫిర్యాదులే. డీజిలు పొగలోని జిడ్డు, షాంపూలోని మైనం, మామిడి తోటల దగ్గర పడే బంక, ఇవన్నీ కలిసి అద్దం మీద కంటికి కనిపించని పొరగా పేరుకుంటాయి. దామలచెరువు వైపు పూత కాలంలో మామిడి చెట్టు కింద బండి ఆపిన వారికి ఆ బంక సంగతి తెలుసు. చెట్టు మీది తేనెమంచు పురుగు వదిలే తియ్యని ద్రవం అది, చుక్కలు చుక్కలుగా అద్దమంతా పడుతుంది, దాని మీద దుమ్ము కూర్చుంటుంది, అప్పుడు పొడి అద్దం మీద వైపర్ వేస్తే రబ్బరు అంచు అక్కడికక్కడే చెడిపోతుంది. నీళ్ల సర్వీసు చేసే ఒక షెడ్డులోనైతే డ్యాష్‌బోర్డుకు, టైర్లకు పాలిష్ రాసిన గుడ్డతోనే ముందు అద్దం కూడా తుడిచి ఇచ్చారు. ఆ రాత్రి వానలో ఎదుటి బండ్ల దీపాలన్నీ అద్దమంతా పరుచుకొని దారి కనిపించలేదు. అప్పటి నుంచి ముందు అద్దం మాత్రం వారిని ముట్టుకోవద్దని చెప్పి, ఇంటి దగ్గర నేనే తుడుచుకుంటున్నాను. గిన్నెలు తోమే ద్రవం కొంచెం నీళ్లలో కలిపి కడిగి, ఆరిన తరువాత మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి రుద్దితే ఆ పొర పోతుంది. మగ్గుతో నీళ్లు పోస్తే, చుక్కలుగా విడిపోకుండా ఒకే తెరలా జారితే అద్దం శుభ్రమైనట్టు. బ్లేడును మాత్రం తడి గుడ్డతో నెమ్మదిగా ఒకసారి నిమిరితే చాలు. గట్టిగా రుద్దితే చాలా బ్లేడ్ల అంచు మీద ఉండే గ్రాఫైటు పూత లేచిపోయి, చప్పుడు ఇంకా పెరుగుతుంది.

అద్దం కడిగే ట్యాంకులో బోరు నీళ్లు పోయవద్దు. మన బోర్ల నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరితే తెల్లని మచ్చలు మిగులుతాయి, కొన్నాళ్లకు చిమ్మే రంధ్రాలు పూడుకుపోతాయి. ఇంటికి తెప్పించుకునే క్యాను నీళ్లలో వాషర్ ద్రవం తగిన పాళ్లలో కలిపి పోయడం మంచిది. సబ్బుపొడి, తల షాంపూ లాంటివి పోస్తే నురుగు అద్దం మీదే ఎండుతుంది.

లోపలి అద్దం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్యాటరీ ఆదా అవుతుందని వానలో ఏసీ ఆపేసేవారిని చాలామందిని చూశాను. నలుగురు కూర్చున్న బండిలో కొండ మలుపుల మధ్య రెండు నిమిషాల్లో అద్దానికి లోపల ఆవిరి పడుతుంది. అది తెలియక వైపర్ల వేగం పెంచుతారు, బయట శుభ్రంగా ఉన్న అద్దాన్ని ఇంకా తుడుస్తారు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది కాబట్టి దాన్ని అద్దం వైపు తిప్పి నడపాలి. చల్లని వాతావరణంలో అందుకయ్యే కరెంటు స్వల్పం, ఘాట్ రోడ్డులో మలుపు కనబడకపోతే జరిగేది స్వల్పం కాదు.

బ్లేడు రకాల మీద నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది. సిలికాన్ బ్లేడ్లు ఎండకు ఎక్కువ కాలం ఆగుతాయి, కానీ ఖరీదు ఎక్కువ, అద్దం ఏమాత్రం జిడ్డుగా ఉన్నా కిర్రుమంటాయి. మామూలు రబ్బరు బ్లేడ్లను ఏటా మార్చుకోవడమే మన వాతావరణానికి సరిపోతుందని నా లెక్క. ఆ మార్పుకు ఆయుధపూజ మంచి గడువు, ఆ రోజు ఎలాగూ బండి కడుగుతాం, ఈశాన్య వానలు కూడా గుమ్మంలోనే ఉంటాయి. పూజ అయ్యాక ఒక జాగ్రత్త అవసరం. అద్దం మీది గంధం, కుంకుమ ఎండి ఇసుకలా గరగరలాడుతాయి, వాటి మీద వైపర్ వేయకుండా ముందు నీళ్లతో కడగాలి. పూలదండను వైపర్ చేతికి కట్టే అలవాటు కూడా మానుకోవాలి, దారం మోటారు ఇరుసు దగ్గర చుట్టుకుంటుంది.

కొనేటప్పుడు పాత బ్లేడ్లను కొలుచుకొని వెళ్లడం మేలు, రెండు వైపులా ఒకే పొడవు ఉండదు. స్పేరు పార్టుల దుకాణంలో "అన్నా, ఇది అన్ని బండ్లకూ సరిపోతుంది" అని ఒకే సైజు జత చేతిలో పెడతారు. పొడవైనది తగిలిస్తే రెండు బ్లేడ్లు మధ్యలో కొట్టుకుంటాయి, లేదా అద్దం పక్క అంచు మీదకు ఎక్కుతుంది. బిగించడం కొక్కెం పని, ఇంట్లోనే అయిపోతుంది. ఒక్కటి మరవకూడదు: బ్లేడు తీసిన వెంటనే వైపర్ చేయి కింద అద్దం మీద మడతపెట్టిన టవలు వేయాలి. బ్లేడు లేని ఇనుప చేయి స్ప్రింగు దెబ్బకు జారి అద్దం మీద పడితే అద్దం చిట్లుతుంది, రెండు బ్లేడ్ల ఖర్చు కోసం వెళ్లి అద్దం ఖర్చుతో తిరిగి వస్తాం. బ్లేడు మార్చే పనిలో ఉండగానే బోనెట్‌కూ అద్దానికీ మధ్య జాలీలో పడ్డ వేపాకు, చింతాకు ఏరివేయాలి. ఆ చెత్త నీళ్లు పోయే దారిని మూసేస్తే వాన నీరు ఏసీ ఫిల్టరు వైపు మళ్లి లోపల ముక్కవాసన వస్తుంది.

బోనెట్ కింద నారింజ రంగు తీగలు, అంటే అధిక వోల్టేజీ తీగలు, ఉన్న చోట నీళ్ల గన్ను పెట్టనివ్వవద్దు, మీరు కూడా చేయి పెట్టవద్దు. బ్యాటరీకి ఐపీ67 రక్షణ ఉందన్న ధైర్యంతో మునిగిన వంతెనల కిందకు దూకవద్దు. ఆ అంకె మీటరు లోతు నీటిలో అరగంట పరీక్షకు సంబంధించినది, అదీ బ్యాటరీ పెట్టెకు మాత్రమే. 2021 నవంబరులో మన వీధులు చెరువులైనప్పుడు ప్రవహించిన బురద నీరు బేరింగులను, బ్రేకులను, లోపలి తివాచీలను వదలదు.

మళ్లీ కొనవలసి వస్తే విద్యుత్ కారే కొంటాను. అయితే షోరూములో బండి చేతికిచ్చే రోజే వైపర్ బ్లేడ్ల పొడవులు అడిగి రాయించుకుంటాను, అదనంగా ఇచ్చే సీటు కవర్లకు బదులు ఒక జత బ్లేడ్లు, ముందు అద్దానికి ఒక ఎండ తెర ఇమ్మంటాను.