కుక్కపిల్ల అలవాటుకు పేపరా, మట్టి ట్రేనా, నేరుగా పెరడా: ఏది మేలు?

కుక్కపిల్లను కొత్తగా తెచ్చుకున్నవాళ్లు అనంతపురంలో పక్కవీధి వాళ్లయినా, కర్నూలు నుంచి ఫోన్ చేసినవాళ్లయినా, నన్ను అడిగేది ఒకటే. ఉచ్చకూ దొడ్డికీ ముందు ఇంట్లోనే పేపర్ మీద అలవాటు చేసి తర్వాత బయటికి మార్చాలా, లేక మొదటి రోజు నుంచే బయటికి తీసుకెళ్లాలా? ఈమధ్య మా ఇంటికి ఒక నాటు పిల్ల వచ్చింది. దాని కోసం నేనూ ఈ లెక్కలన్నీ మళ్లీ వేసుకున్నాను కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను.

నిద్ర లేవగానే, తిన్న పావుగంట అరగంటలో, ఆట ఆగినప్పుడు తీసుకెళ్లాలని మీకు తెలిసే ఉంటుంది. పని కాగానే అక్కడే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టాలనీ తెలుసు. ఏ పద్ధతి ఎంచుకున్నా ఇవి తప్పవు. తేడా వచ్చేదల్లా ఎక్కడికి తీసుకెళ్తున్నాం అన్న దగ్గర.

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి పిల్ల కాళ్ల కింద ఏముంది అన్నది. సుమారు 8, 9 వారాల వయసు నుంచి కుక్కపిల్లకు ఒక రకం నేల మీద ఇష్టం ఏర్పడడం మొదలవుతుంది. మట్టి మీద పోసిన పిల్ల మట్టిని వెతుక్కుంటుంది. గుడ్డ మీద పోసింది గుడ్డను, సిమెంటు మీద పోసింది సిమెంటును వెతుక్కుంటుంది. నాలుగైదు నెలలు వచ్చేసరికి ఆ ఇష్టం గట్టిపడిపోతుంది. తర్వాత మార్చలేమని కాదు కానీ, మార్చడానికి పట్టే ఓపిక చాలా ఎక్కువ. అందుకే ప్రతి పద్ధతినీ నేను ఒకే ప్రశ్నతో చూస్తాను. ఇది పెద్దయ్యాక ఏ నేల మీద పోవాలని మనం కోరుకుంటున్నామో, ఇప్పుడు దాని కాళ్ల కింద అదే ఉందా?

పేపర్‌ను ఈ ప్రశ్నతో చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. పేపర్ చవక, ప్రతి ఇంట్లో ఉంటుంది, రాత్రిపూట సుఖం, వాన పడినా ఇబ్బంది లేదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో అది లేకుండా గడవదు కూడా. కానీ కింద కూర్చుని తినే, చాప పరుచుకుని పడుకునే ఇళ్లు మనవి. నేల మీద పేపరుంటుంది, పిల్లల నోటుపుస్తకాలుంటాయి, బొంత ఉంటుంది, గడప దగ్గర పట్టా ఉంటుంది. ఈ పేపర్ మీద పోవచ్చు, ఆ పుస్తకం మీద పోకూడదు అన్న తేడా రెండు నెలల పిల్లకు ఎలా తెలుస్తుంది? బజారులో దొరికే ప్యాడ్‌లు ఇంకా మెత్తగా ఉంటాయి. వాటికి అలవాటు పడిన పిల్లకు బొంత కూడా పెద్ద ప్యాడ్ లాగే తగులుతుంది.

కడపలో అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండే మా చిన్నాన్న కూతురు లాబ్రడార్ పిల్లను ప్యాడ్‌ల మీదే పెంచింది. టీకాలన్నీ అయ్యాక కిందికి తీసుకెళ్లడం మొదలుపెట్టి నాకు ఫోన్ చేసింది. “అక్కా, గంటసేపు తిప్పినా ఒక్క చుక్క పోయదు. పైకొచ్చి తలుపు తీయగానే నేరుగా పోయి బొంత మీద పోస్తాది. మొండిదక్కా ఇది,” అంది. దానిలో మొండితనం ఏమీ లేదు. నేర్పిందాన్ని అది చక్కగా నేర్చుకుంది. మెత్తటి నేల కనబడేదాకా బిగబట్టుకుని, కనబడగానే పోసింది. కింద మట్టి మీద ప్యాడ్ పరిచి, రోజురోజుకూ దాన్ని కత్తిరించి చిన్నది చేస్తూ పోతే దారికి వచ్చింది. అంత కష్టం మొదట్లోనే తప్పించుకోవచ్చు కదా అన్నదే నా మాట.

ఇక నేరుగా బయటికి తీసుకెళ్లే పద్ధతి. సొంత పెరడుంటే దీనికి సాటి లేదు. మాది బండలు పరిచిన ఇల్లు, వెనక వేపచెట్టు కింద కొంచెం ఎర్రమట్టి ఉంది. పిల్లను ఎత్తుకుని తీసుకెళ్లి రోజూ ఒకే మూలన దింపుతాం. నడిపించుకుంటూ పోతే దారిలోనే పోసేస్తుంది కాబట్టి ఎత్తుకోవడమే మంచిది. దింపాక కదలకుండా నిలబడాలి, మాట్లాడకూడదు. మనం కదిలితే అది ఆటలో పడి వచ్చిన పని మరిచిపోతుంది. పని కాగానే లోపలికి తెచ్చేయకండి. పోసిన వెంటనే ఇంటికి తెస్తుంటే, పోస్తే ఆట అయిపోతుందని పిల్లకు అర్థమై ఆపుకోవడం నేర్చుకుంటుంది. పని తర్వాత కాసేపు ఆడుకోనివ్వాలి.

అయితే ‘బయట’ అంటే వీధి అని అర్థం చేసుకునేవాళ్లు చాలామంది. అక్కడ నేను గట్టిగా వద్దంటాను. మన కాలనీల్లో ప్రతి సందులో వీధికుక్కలున్నాయి, ప్రతి ఖాళీ సైటులో వాటి దొడ్డి ఉంది. పార్వో జబ్బు ఆ దొడ్డి ద్వారానే వ్యాపిస్తుంది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. వాంతులు, రక్తంతో విరేచనాలు మొదలైతే చిన్న పిల్ల రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. టీకా మొదటి డోసు 6 నుంచి 8 వారాల వయసులో వేస్తారు. తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. ఆఖరి డోసు తర్వాత కూడా ఒకటి రెండు వారాలు ఆగాలి. ఖాళీ సైటుల్లో కంప ముళ్లు, గాజుపెంకులు వేరే. మొదటి రోజుల్లోనే కాలిలో ముల్లు దిగితే పిల్ల మట్టి అంటేనే భయపడుతుంది.

కాబట్టి “టీకాలు పూర్తయ్యేదాకా బయటికి తీయొద్దు” అని డాక్టర్ చెప్పేది నిజమే. పెంచేవాళ్లకు టెన్షన్ కూడా అక్కడే మొదలవుతుంది. టీకాలు పూర్తయ్యేసరికి నాలుగు నెలలు దాటుతాయి. సరిగ్గా ఆ నాలుగు నెలల్లోనే నేల అలవాటు గట్టిపడుతుంది. అప్పటిదాకా పేపర్ మీద ఉంచితే అలవాటు చెడుతుంది, వీధిలోకి దింపితే ప్రాణానికే ముప్పు.

ఈ రెంటి మధ్య నాకు నచ్చిన దారి మట్టి ట్రే. పిల్లను మట్టి దగ్గరికి తీసుకెళ్లలేనప్పుడు మట్టినే పిల్ల దగ్గరికి తేవాలి. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే అయినా, పాత కూలర్ కింది తొట్టి అయినా చాలు. తుప్పు పట్టిన అంచులుంటే మాత్రం వాడకండి. పిల్ల లోపల ఒక చుట్టు తిరిగేంత వెడల్పు ఉండాలి, అంచు అది సులువుగా దాటేంత తక్కువ ఉండాలి. మూడు అంగుళాల మందం మట్టి పోసి, కింద నాలుగు చిల్లులు పెట్టి, దాని కింద ఇంకో పళ్లెం పెట్టండి. మట్టి రోడ్డు పక్క నుంచి తవ్వి తేకూడదు, పైన చెప్పిన భయం దానికీ వర్తిస్తుంది. నర్సరీలో సంచుల లెక్కన అమ్మే ఎర్రమట్టి మేలు. కర్నూలు వైపు, నంద్యాల వైపు చేతికందేది నల్లరేగడి. అది తడిస్తే పాదాలకు ముద్దలా అంటుకుని ఇల్లంతా చేరుతుంది, ఎండితే గట్టి పెళ్లలవుతుంది. అదొక్కటే దొరికితే సగం ముతక ఇసుక కలపండి. వట్టి ఇసుక పోస్తే పిల్ల తవ్వి ఆడుకుంటుంది, వీధి పిల్లులు కూడా వచ్చి వాడుకుంటాయి.

ట్రేతో పని ఎక్కువే, దాచను. దొడ్డి వెంటనే తీసేయాలి, తడిసిన ముద్ద రోజూ తీయాలి. గుర్తుకు కొంచెం మాత్రం వదిలేస్తే ఆ వాసనకే పిల్ల మళ్లీ అక్కడికి వస్తుంది. వారానికోసారైనా మట్టి మొత్తం మార్చాలి, లేకపోతే పిల్లే అసహ్యించుకుని పక్కన పోస్తుంది. ఎండాకాలంలో మట్టి పొడిదుమ్మయి లేస్తుంది కాబట్టి పొద్దున కాసిన్ని నీళ్లు చల్లాలి. ఇంత చేసినా నేను దీన్నే చెబుతాను. నాలుగో నెల దాటి గేటు బయట అడుగు పెట్టిన రోజు ఆ పిల్లకు కొత్తగా నేర్పాల్సింది దాదాపు ఏమీ ఉండదు. కాళ్ల కింద అదే మట్టి.

మిద్దె మీదికి తీసుకెళ్లడం మన దగ్గర చాలామంది చేసేదే. వీధికుక్కలు రావు, చుట్టూ పిట్టగోడ ఉంటుంది, నీళ్లు పోసి కడిగేయొచ్చు. ఇబ్బందులు మూడు. మిద్దె సిమెంటు కాబట్టి పిల్లకు సిమెంటే అలవాటవుతుంది, అంటే రేపు వరండా కూడా దానికి మిద్దే. మెట్లెక్కేలోపే పని అయిపోతుంది. మూడోది మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఆ సిమెంటు మీద పిల్ల పాదాలు కాలిపోతాయి. అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి కొన్ని సెకన్లు ఉంచలేకపోతే దాన్ని అక్కడ దింపకూడదు. వడియాలు, మిరపకాయలు ఎండబోసేదీ, రాత్రి పెద్దవాళ్లు పడుకునేదీ అక్కడే కదా. ఇంట్లోవాళ్లకు నచ్చని పద్ధతి ఎక్కువ రోజులు నిలబడదు. అయినా మిద్దె ఒక్కటే గతి అయితే నీడపట్టున ఒక మూల మట్టి ట్రే పెట్టండి.

బోను గురించి కూడా అడుగుతారు. తాము పడుకునే చోట కుక్కలు పాడు చేయవు కాబట్టి రాత్రి మంచం పక్కన, ఫ్యాను కింద, తలుపు వేసిన చిన్న బోను ఉపయోగమే. పగలంతా అందులో పెట్టి ఆఫీసుకు వెళ్తే మాత్రం లాభం లేదు. పిల్ల ఎన్ని నెలలదో దానికి ఒకటి కలిపితే, మెలకువగా ఆడకుండా ఉన్నప్పుడు మహా అయితే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక ఉజ్జాయింపు. అమ్మకపు పంజరాల్లోనే పెరిగి వచ్చిన పిల్లకు బోనులో పోయడమే అలవాటై ఉంటుంది. దానికి ఈ పద్ధతి పనిచేయదు.

బయటికి పోవాలనిపించినప్పుడు పిల్లే మోగించేలా తలుపుకు గంట కట్టడం పెద్దయ్యాక చూసుకోవచ్చు. కొట్టడం, మూతి రుద్దడం అసలు పద్ధతే కాదు. అలా చేస్తే అది మనం చూడకుండా మంచం కిందికి పోయి పోయడం నేర్చుకుంటుంది.

ఏ పద్ధతిలోనైనా మొదట్లో ఇంట్లో కొన్నిసార్లు పోస్తుంది. అప్పుడు తుడిచే తీరు కూడా గెలుపోటములు తేలుస్తుంది. కడప బండలైనా, తాడిపత్రి, బేతంచెర్ల బండలైనా సున్నపురాయి జాతివే. ఉచ్చ అతుకుల్లోకీ సన్నటి రంధ్రాల్లోకీ ఇంకిపోతుంది, మనకు వాసన పోయినా పిల్లకు పోదు. పిల్ల ఉచ్చకు వెనిగర్ వాడమని చాలాచోట్ల రాస్తారు కానీ ఈ బండలకు వద్దు. వెనిగర్, నిమ్మరసం, బాత్రూం యాసిడ్ ఏది పడినా సున్నపురాయి కరిగి మెరుపు పోతుంది. రాయి గరుకెక్కితే ఉచ్చ ఇంకా ఎక్కువ ఇంకుతుంది. పొడిగుడ్డతో పూర్తిగా అద్ది, సబ్బునీళ్లతో కడిగి, పెంపుడు జంతువుల షాపులో దొరికే ఎంజైమ్ క్లీనర్ (ఉచ్చ వాసనను మూలం నుంచే విరగ్గొట్టే ద్రవం) పోసి ఆరనివ్వండి. నల్ల ఫినాయిల్ పిల్ల నాకితే విషం, వాడకండి. పార్వో భయంతో బ్లీచ్ వాడాల్సి వస్తే ముందు ఉచ్చ అంతా కడిగేయాలి, ఎందుకంటే ఉచ్చలోని అమ్మోనియాతో బ్లీచ్ కలిస్తే ప్రమాదకరమైన గాలి పుడుతుంది. ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచితే చాలు. మామూలు ఫినాయిల్ పార్వోను చంపదు.

ఇంకొక మాట నీళ్ల గురించి. రాత్రి పడుకునే రెండు గంటల ముందే నీళ్ల గిన్నె తీసేయమని చల్లటి దేశాలవాళ్లు సలహా ఇస్తారు. మన ఎండాకాలానికి అది సరిపోదు. వడదెబ్బ కన్నా నడిరాత్రి ఒకసారి లేవడం ఎంతో నయం. తిండి మాత్రం వేళకే పెట్టండి. రోజంతా గిన్నెలో అన్నం ఉంటే దొడ్డికి కూడా వేళాపాళా ఉండదు. పాలు చాలా కుక్కపిల్లలకు పడవు. పలుచటి విరేచనాలు పట్టుకుంటే ఏ అలవాటూ నిలవదు.

సొంత పెరడుండి, గేటు సందుల్లోంచి వీధికుక్కలు దూరకుండా జాలీ కట్టుకోగలిగితే మొదటి రోజు నుంచే నేరుగా పెరట్లోకి తీసుకెళ్లండి. బయట తిరిగిన చెప్పులతో మాత్రం ఆ మూలకు వెళ్లకండి, పార్వో చెప్పులకు అంటుకుని కూడా వస్తుంది. అపార్ట్‌మెంట్ అయితే, గోడకు గోడ ఆనుకున్న ఇల్లయితే మట్టి ట్రే. లిఫ్ట్ లేని పై అంతస్తులో వయసు మళ్లినవాళ్లు చిన్న జాతి కుక్కను పెంచుతుంటే, అది బతికినన్నాళ్లూ లోపలే పోయినా సరే అనుకుంటే, ప్యాడ్‌లు తప్పు కాదు. రేపు బయటికి మార్చాలన్న ఆలోచన ఉంటే మాత్రం పేపర్ జోలికి పోకండి.

టీకాలయ్యాక ట్రే నుంచి బయటికి మార్చేవాళ్లు ట్రేను కొద్దికొద్దిగా వాకిలి వైపు జరపండి. కిందికి దింపే మొదటి రోజు పొద్దున్నే, మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు తీసుకెళ్లండి. ట్రేలోంచి తడిసిన మట్టి గుప్పెడు కవర్లో వేసుకుని వెళ్లి, రోజూ వాడబోయే చోట చల్లి, పిల్లను అక్కడ దింపండి.