లేసిక్ చేయించుకుని పదేళ్లు దాటాక

రెండు కళ్లకూ మైనస్ నాలుగున్నర సైట్ ఉండేది. ముప్పై దాటాక లేసిక్, అంటే సైట్ తగ్గించే లేజర్ ఆపరేషన్, చేయించుకున్నాను. ఇప్పుడు నలభై కూడా దాటాయి. దూరపు చూపు ఇంకా బాగానే ఉంది. ఎడమ కంట్లో అర పాయింటు మైనస్ తిరిగొచ్చింది గానీ దానికి కళ్లజోడు అక్కర్లేదు. పెట్టిన డబ్బు దండగ కాలేదు.

మైనస్ సైట్ ఉన్నవాళ్ల కనుగుడ్డు సాధారణంగా కాస్త పొడుగ్గా ఉంటుంది. అందుకే వెలుగు కంటి వెనక తెరలా ఉండే రెటీనా దాకా రాకముందే ఒకచోట కలిసిపోతుంది. లేసిక్‌లో కంటి ముందుండే పారదర్శకమైన కార్నియా పైపొరను మూతలా లేపి, కింద లేజర్‌తో మధ్యభాగాన్ని కొద్దిగా చెక్కి చదును చేసి, మళ్లీ మూసేస్తారు. కుట్లుండవు. చుక్కల మందుతో మత్తిస్తారు కాబట్టి నొప్పి తెలియదు, కన్ను నొక్కినట్టుంటుంది, కొన్ని క్షణాలు చూపు చీకటవుతుంది. వెంట్రుకలు కాలినట్టు వాసనొస్తే కంగారు పడకండి. (ఈ ఎక్సైమర్ లేజర్ జీవకణజాలాన్ని చుట్టుపక్కల కాల్చకుండా చెక్కగలదని 1981లో ఐబీఎంలో కనిపెట్టిన ముగ్గురిలో మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. పండగ విందులో మిగిలిన టర్కీ కోడి మీద పరీక్షించారట!)

అందరూ ఏ మిషన్, ఎంత రేటు అని అడుగుతారు. నన్నడిగితే అంతకన్నా ముఖ్యం ముందు చేసే టెస్టులు. ఒక పాయింటు పవర్ తగ్గించాలంటే సుమారు 12 నుంచి 15 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కార్నియా తీసేయాలి. నా కార్నియా మందం 540 మైక్రాన్లు ఉండేది. మూతకు 110, లేజర్‌కు అరవై చిల్లర పోగా కింద 360కి పైనే మిగిలింది. కనీసం 250 మిగలాలంటారు, జాగ్రత్తపరులైన డాక్టర్లు 300 చూసుకుంటారు. మా పిన్ని కొడుక్కి నాకన్నా తక్కువ పవరే. కానీ స్కాన్‌లో కెరటోకోనస్ (కార్నియా పలచబడి ముందుకు ఉబ్బే జబ్బు) ఛాయలు కనిపించాయని డాక్టర్ చేయనన్నారు. అలాంటి కంటికి లేజర్ తగిలితే కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బుతుంది, చూపు ఇంకా చెడుతుంది. వాడికి కోపమొచ్చింది గానీ ఆ డాక్టర్ మంచివారు.

ఇబ్బందుల్లో మొదటిది కళ్లు పొడిబారడం. మూత కోసేటప్పుడు కార్నియా నరాలు కూడా తెగుతాయి. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. నాకు ఏసీ ఆఫీసులో ఇప్పటికీ చుక్కల మందు బ్యాగులో ఉండాల్సిందే. రాత్రి లైట్ల చుట్టూ వలయాలు మొదట్లో బాగా విసిగించాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నడపాలంటే టెన్షన్. తర్వాత తగ్గాయి.

అసలు షాక్ చత్వారం. లేసిక్ దాన్ని ఆపదు. మైనస్ ఉన్నవాళ్లు ఈ వయసులో కళ్లజోడు తీసేసి సూదిలో దారం ఎక్కించేస్తారు. ఆ సౌకర్యం నేను లేజర్‌కి ఇచ్చేశాను. ఇప్పుడు మందు సీసా మీద అక్షరాలకి రీడింగ్ గ్లాసెస్ కావాలి. నలభైకి దగ్గర పడ్డవాళ్లు ఇది ముందే లెక్కేసుకోండి.

ఇన్సూరెన్స్ సంగతి: 7.5 పాయింట్ల లోపు పవర్‌కి మన పాలసీలు సాధారణంగా డబ్బివ్వవు.

పవర్ పోయినా కనుగుడ్డు పొడవు తగ్గదు, కాబట్టి ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి. ఆపరేషన్ ముందటి రిపోర్టులు దాచుకోండి, రేపు శుక్లాల ఆపరేషన్‌లో లెన్స్ లెక్కకు పనికొస్తాయి. కొత్త డాక్టర్ కంటి ప్రెషర్ చూసేటప్పుడు లేసిక్ అయిందని చెప్పండి. పలచబడ్డ కార్నియా మీద రీడింగ్ తక్కువ చూపిస్తుంది, గ్లకోమా (నీటికాసులు) కనిపించకుండా తప్పించుకోవచ్చు.