ప్లీహం లేని మా ఆయనకి 14 రోజుల షుగర్ సెన్సర్: వాడి చూశాక రాస్తున్నా

చేతికి అతికించుకునే షుగర్ సెన్సర్ గురించి తెలుగులో వెతికితే, చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళు రాసినవే దొరికాయి. మా సంగతి వేరు. మా ఆయనకి అసలు షుగర్ ఉందా లేదా అని తేల్చుకోడానికి కొన్నాం, అదీ ఆపరేషన్ చేసి ప్లీహం తీసేసిన మనిషికి. అలాంటివాళ్ళు మన వైజాగ్‌లో ఇంకా ఉంటారు కదా, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

2014లో, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఫ్లైఓవర్ లేని రోజుల్లో, బండి మీద ఇంటికొస్తుంటే ఆటో గుద్దింది. హ్యాండిల్ ఎడమ డొక్కలో పొడుచుకుని ప్లీహం చిట్లిపోయింది, లోపల రక్తం ఆగకపోయేసరికి ఆ రాత్రే తీసేశారు. పెద్దవాళ్ళు "కడుపులో బల్ల" అంటారే, మలేరియాకి ఉబ్బేది, ఆ అవయవమే. డిశ్చార్జ్ రోజున "అది లేకపోయినా ఏం ఫర్వాలేదమ్మా" అని పంపించేశారు. ప్లీహం లేనివాళ్ళకి ఇన్‌ఫెక్షన్ తొందరగా ముదురుతుందని, అందుకే న్యుమోనియా టీకాలు, మెనింజైటిస్ టీకా, హిబ్ అనే ఇంకో బ్యాక్టీరియాకి టీకా వేయించాలని, జ్వరమొస్తే రేపు చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలని మాకెవరూ చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత ఇంకో డాక్టరు అడిగితే తెలిసింది. ఆ రెండేళ్ళూ ఏమీ కాకపోవడం మా అదృష్టం. ఆ కోపం మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.

ఇక షుగర్ విషయం. కిందటి వేసవిలో మాస్టర్ చెకప్ చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 6.6 వచ్చింది. 6.5 వస్తేనే షుగర్ కింద లెక్క. పరగడుపు షుగర్ మాత్రం నార్మల్‌గానే, 97. రెండూ పొంతన లేకపోయినా, పెద్ద అంకె చూశాక ఎవరికైనా గుండె జారుతుంది. ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం బంద్, పొద్దున్నా రాత్రీ చోడి (రాగి) అంబలే. మొదటే సన్నటి మనిషి, రెండు నెలల్లో 4 కిలోలు తగ్గి చొక్కాలన్నీ వేలాడిపోయాయి. శ్రావణ శుక్రవారం నాడు నేను చేసిన పూర్ణాల పళ్ళెం వైపు చూసి, ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయారు. నేనూ తినలేకపోయాను.

తర్వాత మహారాణిపేటలో ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాం. డాక్టరుగారు రిపోర్టు కన్నా ముందు మా ఆయన పొట్ట మీది పాత కుట్ల మచ్చ చూశారు. "ప్లీహం తీసేశారని ల్యాబ్‌లో చెప్పారా అమ్మా?" అని అడిగారు. మాకు చెప్పాలని తెలిస్తే కదా. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందట, ముసలైపోయిన కణాల్ని ఏరి తీసేసే పని ఎక్కువగా ప్లీహానిదే. అది లేనివాళ్ళలో కొన్ని కణాలు ఇంకాస్త ఎక్కువ కాలం తిరగొచ్చు. కణంలోని హిమోగ్లోబిన్‌కి రోజూ కొంచెం కొంచెం చక్కెర అంటుకుంటుంది, ఎన్ని రోజులుంటే అంత అంటుకుంటుంది, ఊరేకొద్దీ ముక్కకి ఉప్పు పట్టినట్టు. అందుకని రక్తంలో చక్కెర అంతగా లేకపోయినా హెచ్‌బీఏ1సీ ఎక్కువగా కనబడే అవకాశం ఉందన్నారు. ఐరన్ తక్కువైనా ఇలాగే పెరుగుతుందని అదీ చూశారు, అది బాగానే ఉంది. ఫ్రక్టోసమిన్ అని ఎర్ర కణాలతో పని లేని పరీక్ష ఒకటి రాశారు, రెండు మూడు వారాల లెక్క చెబుతుందట, అదీ నార్మలే. చివరికి సెన్సర్ పెట్టి చూద్దామన్నారు.

బ్రాండ్ పేరు రాయడం లేదు. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్ద తెల్ల బిళ్ళ, మధ్యలో వెంట్రుకంత సన్నటి పోగు. జబ్బ వెనకాల స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, డబ్బీ ఆనించి నొక్కితే టక్ మని అతుక్కుంటుంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, "అయిపోయిందా?" అన్నారు. నొప్పి లేదట. అది కొలిచేది రక్తంలో చక్కెర కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోది, అందుకని వేలు గుచ్చిన అంకె కన్నా కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఫోన్ దగ్గర పెడితే అంకె, పక్కనే పైకో కిందికో బాణం. మొదటి రోజు అంకెలు అటూ ఇటూ ఊగాయి, వాటిని పట్టించుకోకండి.

మూడో రోజు రాత్రి మాత్రం ప్రాణం పోయినంత పనైంది. మూడింటికి మెలకువొచ్చి ఊరికే ఫోన్ పెట్టి చూస్తే 58. ఆయన్ని లేపి కూర్చోబెట్టి, చక్కెర నీళ్ళు కలపబోతూ ఎందుకో వేలు గుచ్చి చూస్తే 93. సెన్సర్ ఉన్న చెయ్యి కిందేసి పడుకున్నారు, అలా నొక్కుకుపోతే తప్పుడు తక్కువ చూపిస్తుందని పొద్దున్న డాక్టరు చెప్పారు. ఈ ముక్క డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. అందుకే సెన్సర్‌తో పాటు గ్లూకోమీటర్ కూడా దగ్గర ఉంచుకోండి. విటమిన్ సి బిళ్ళలు ఎక్కువ డోసులో మింగితే కొన్ని సెన్సర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి, అదీ అడిగి తెలుసుకోండి.

ఇంకో ఇబ్బంది మన ఊరి ఉక్కపోత. సముద్రపు గాలికి ఒళ్ళు జిడ్డు, పైన చెమట, ఎనిమిదో రోజుకి ఒక అంచు లేచింది. మెడికల్ షాపులో దొరికే చర్మానికి పడే టేపు చుట్టూ వేసి నెట్టుకొచ్చాం. ప్లీహం లేనివాళ్ళకి ఇన్‌ఫెక్షన్ తొందరగా ముదురుతుంది కాబట్టి, గుచ్చిన చోట ఎర్రబడిందా, వేడిగా ఉందా అని నేను రోజూ రెండు పూటలా చూశాను. ఆ జాగ్రత్త లేకుండా వాడకండి.

ఇక అసలు ఫలితం. 14 రోజుల సగటు 112. హెచ్‌బీఏ1సీ 6.6 అంటే సగటు 143 దాకా ఉండాలట. అంత తేడా! షుగర్ జబ్బు లేదు, మందులు అక్కర్లేదు అని డాక్టరు తేల్చి చెప్పారు. గది బయటికొచ్చాక మా ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నన్ను ఆశ్చర్యపరిచినవి తిండి దగ్గర అంకెలు. మంచిదని రెండు నెలలు తాగించిన చోడి అంబలి తాగిన ముప్పావుగంటకి 168! జారుడుగా ఉడికి, ఒక్క గుక్కలో పోయేది కదా. అదే రెండు పెసరట్లు అల్లం చట్నీతో తింటే 130 దాటలేదు. అన్నం, వంజరం పులుసు తిని కూర్చుంటే 160, అదే భోజనం చేసి బీచ్ రోడ్డు మీద కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిచొచ్చిన రోజు 134. ఇవి మా ఆయన ఒంటివి, మీవి మీకు వేరుగా ఉంటాయి. కానీ ఫోన్‌లో గీత అలా వంగుతుంటే చూశాక, నడవండీ అని నేను ఇంకెప్పుడూ చెప్పాల్సిన పని పడలేదు.

అలాగని డాక్టరు మమ్మల్ని పూర్తిగా వదిలేయలేదు. ప్లీహం తీసేసినవాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంచెం ఎక్కువ, గుండె మీదా కన్నేసి ఉంచాలి అన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి ప్లీహం పోగొట్టుకున్న 740 మంది అమెరికా సైనికుల్ని ఏళ్ళ తరబడి గమనించి 1977లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారట, వాళ్ళలో న్యుమోనియా చావులతో పాటు గుండెజబ్బు చావులూ ఎక్కువగా ఉన్నాయని. అందుకని ఏడాదికోసారి కొలెస్ట్రాల్, బీపీ, ప్లేట్‌లెట్లు చూపించుకుంటున్నాం. షుగర్ కూడా పరగడుపుది, తిన్న రెండు గంటలకి ఒకటి చూస్తారు, హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్ని నమ్మడం లేదు.

ఖర్చు, మేము కొన్నప్పుడు ఐదు వేలకి కాస్త తక్కువ. మధ్యతరగతికి చిన్న డబ్బు కాదు, కానీ రెండు నెలల టెన్షన్ ముందు నాకు ఎక్కువ అనిపించలేదు. ప్రతి నెలా కొనక్కర్లేదు, ఇలా తేల్చుకోడానికి ఒకసారి చాలు. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను, ఒకటి ఆ అతుకు కోసం, ఆ రాత్రి 58 కోసం తీసేశాను.

ఇది చదివి, మాకూ ప్లీహం లేదు కాబట్టి రిపోర్టు తప్పే అనుకుని మందులు మాత్రం ఆపేయకండి. నిజంగా షుగర్ ఉన్నవాళ్ళూ ఉంటారు. రక్తం తీసే ముందు ల్యాబ్ అబ్బాయికి, రిపోర్టు చూసే డాక్టరుకి ఆపరేషన్ సంగతి నోరు విప్పి చెప్పండి. మా ఆయన పర్సులో ఆధార్ కార్డు వెనకాల "ప్లీహం తీసేశారు, 2014" అని రాసిన చిన్న చీటీ ఉంటుంది, దాని మీద టీకాల తేదీలు కూడా నేనే రాశాను.