పాత ప్రొజెక్టర్ మెనూలో కనిపించే గంటల లెక్కను నమ్మి కొనకండి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి రైతులు కలిసి నడుపుకొంటున్న ఒక చిన్న సంఘానికి నేను కార్యదర్శిని. కోతలు ముగిశాక కొమ్మల కత్తిరింపు, పూత సమయంలో తేనెమంచు పురుగు, కాయ ముదిరేటప్పుడు పండు ఈగ వంటి విషయాల మీద ఊరూరా శిక్షణ తరగతులు పెడుతుంటాము కాబట్టి మాకు ప్రొజెక్టర్ లేనిదే పని జరగదు. 2025 వేసవిలో, పాతది పూర్తిగా చెడిపోయినప్పుడు, రైతుల చందా డబ్బులోంచి 16,500 రూపాయలు తీసి తిరుపతిలో ఒక సెకండ్‌హ్యాండ్ ప్రొజెక్టర్ కొన్నాము. అది ఒక్క తరగతిని కూడా చివరిదాకా నడిపించలేకపోయింది. ఆఫీసు కోసమో, ఇంట్లో సినిమాలు చూడటానికో ఇటువంటి బేరానికి వెళ్లబోయేవారు నేను చూడకుండా వదిలేసినవి చూసుకోవాలని ఇది రాస్తున్నాను.

కొత్తదానికి మాకు వచ్చిన కొటేషన్ నలభై వేలు దాటింది. అదే వారంలో తిరుపతిలో పాత ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఒక అంగడివారి ప్రకటన ఫోనులో కనిపించింది. బెంగళూరులో మూతపడిన ఒక ఆఫీసు సామాను అనీ, 212 గంటలు మాత్రమే వాడారనీ అందులో ఉంది. సంఘం కోశాధికారిని వెంటబెట్టుకొని వెళ్లాను. అంగడి యజమాని ప్రొజెక్టర్ వెలిగించి, మెనూ తెరిచి, ల్యాంప్ గంటలు అన్న చోట 212 అన్న అంకెను వేలు పెట్టి చూపించాడు. "మేము చెప్తే నమ్మద్దు సార్, మిషనే చెప్తా ఉంది చూడండి" అన్నాడు. ఆ మాటతో నా అనుమానాలన్నీ తీరిపోయాయి. ఇంకేమి అడగాలో కూడా నాకు తోచలేదు.

చిత్రాన్ని అతను లోపలి గదిలో చూపించాడు. కిటికీలకు ముదురు రంగు తెరలున్నాయి, గోడ మీద బొమ్మ నాలుగు అడుగుల వెడల్పుకు మించలేదు, వేసినది పూలు, చేపలు, రంగురంగుల పక్షులతో నిండిన వీడియో. పది నిమిషాలు చూసి బాగుందనుకున్నాము. డబ్బు యజమాని సొంత ఫోన్ నంబరుకు యూపీఐలో పంపాము. బిల్లు అడిగితే చేతిరాత చీటీ ఇచ్చాడు. దాని మీద జీఎస్టీ నంబరు లేదు, ప్రొజెక్టర్ సీరియల్ నంబరు లేదు, తేదీ, మొత్తం మాత్రమే ఉన్నాయి. సంఘం డబ్బు ఖర్చు పెడుతున్న మనిషిగా ఆ చీటీని ఒప్పుకోవడం నా తప్పే, దానిని రైతుల ముందు కూడా ఒప్పుకొన్నాను.

బంగారుపాళ్యం దగ్గరి ఒక ఊరి బడిలో మొదటి తరగతి పెట్టాము. అరవై మందిదాకా వచ్చారు. మధ్యాహ్నం మూడు గంటలకు, కిటికీలు ఎంత మూసినా వెలుతురు వస్తున్న హాలులో, ఎనిమిది అడుగుల తెర మీద బొమ్మ వేయగానే ముందు వరుసవారు కళ్లు చికిలించుకొని చూడవలసి వచ్చింది. పండు ఈగ గుడ్లు పెట్టిన చోట కాయ మీద కనిపించే సన్నని చుక్కను చూపించడమే ఆనాటి పాఠం. ఆ చుక్క సంగతి అటుంచి, కాయకూ ఆకుకూ తేడా తెలియనంతగా అంతా వెలిసిపోయిన చీరలా కనిపించింది. ఇరవై అయిదో నిమిషంలో ఫ్యాను రొద పెరిగి, వేడి సూచించే ఎర్రదీపం వెలిగి, యంత్రం తనంతట తాను ఆగిపోయింది. చల్లారాక మళ్లీ వేస్తే పది నిమిషాలకే ఆగింది. పనులు మానుకొని వచ్చిన రైతులకు పాఠం నోటిమాటగానే చెప్పి పంపవలసి వచ్చినందుకు పడిన బాధ, పోయిన డబ్బుకు పడిన బాధ కంటే ఎక్కువ.

చిత్తూరులో ప్రొజెక్టర్లు బాగుచేసే ఒకరు దానిని నా ఎదుటే విప్పారు. ల్యాంపు లోపలి గాజు నల్లబడి, అక్కడక్కడా పాలరంగుకు తిరిగి ఉంది. గాలి లోపలికి వెళ్లే చోట ఉండవలసిన దుమ్ము ఫిల్టర్ అసలు లేదు, ఎవరో తీసిపారేశారు. 212 గంటల సంగతి అడిగితే ఆయన, "ఈ గంటలు నమ్మేదానికి లేదు సార్. మెనూలోకి పోయి రీసెట్ కొడితే సున్నా అయిపోతుంది, బల్బు మార్చినా మార్చకపోయినా దానికి తెలీదు" అన్నారు. తర్వాత ప్రొజెక్టర్ తయారుచేసిన సంస్థ ఇచ్చే వాడుక పుస్తకం చదివితే, ల్యాంపు మార్చినవారు లెక్కను కొత్తగా మొదలుపెట్టుకోవడానికి ఆ సౌకర్యం ఉందని స్పష్టంగా రాసి ఉంది. అందులో దొంగ విద్య ఏదీ లేదు, నిమిషంలో ఎవరైనా చేయగల పని. కొన్ని మోడళ్లలో ల్యాంపు గంటలతోపాటు యంత్రం మొత్తం ఎన్ని గంటలు నడిచిందో వేరే లెక్క ఉంటుంది. అది ఉంటే రెండింటినీ పోల్చి చూడండి. మా దానిలో అటువంటి లెక్క కనిపించలేదు.

పాదరస ఆవిరితో వెలిగే ఈ ల్యాంపులకు మామూలుగా మూడు వేల నుంచి అయిదు వేల గంటల ఆయుష్షు చెబుతారు, పొదుపు మోడ్‌లో అంతకంటే ఎక్కువ వస్తుంది. అయితే ఆయుష్షు అంటే ల్యాంపు ఆరిపోయే రోజు కాదు. సాధారణంగా వెలుగు మొదటిదానిలో సగానికి పడిపోయే దశను ఆయుష్షుగా లెక్కిస్తారు. కాబట్టి కాలం చెల్లిన ల్యాంపు కూడా చీకటి గదిలో చక్కగానే వెలుగుతుంది. దీనికి తోడు బొమ్మ వెడల్పు రెండింతలు చేస్తే విస్తీర్ణం నాలుగింతలవుతుంది, అంటే తెర మీద ప్రతి చోటా పడే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. అంగడిలో నాలుగు అడుగుల బొమ్మ చూసి మా హాలులో ఎనిమిది అడుగుల బొమ్మ వేసిన మేము మోసపోవడానికి ఈ ఒక్క లెక్కే చాలు, అందులో పగటి వెలుతురు కూడా కలిసింది.

ఇంకొక లోపం తెల్లని స్లైడ్ వేసినప్పుడే బయటపడింది. తెర కింది భాగంలో అరచేయంత పసుపు మచ్చ ఉంది. మాది 3ఎల్‌సీడీ రకం. అందులో ల్యాంపు వెలుగు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు దారులుగా చీలి, మూడు పలకల గుండా వెళ్లి, పట్టకంలో మళ్లీ కలుస్తుంది. నీలి వెలుగు దారిలోని పోలరైజర్ (వెలుగును ఒక దిశలో వడగట్టే పలుచని పొర) వేడికి మాడితే ఆ చోట నీలం తగ్గిపోయి, తెలుపు కావలసినది పసుపుగా మిగులుతుంది. రంగురంగుల పక్షుల వీడియో వేసినంతసేపూ ఆ మచ్చ ఎవరి కంటా పడదు. డీఎల్‌పీ రకం కొనేవారికి వేరే పరీక్ష ఉంది. అందులో ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క చిన్న అద్దం ఉంటుంది, 1024×768 చుక్కల యంత్రంలో అటువంటివి ఏడు లక్షల ఎనభై ఆరు వేలకు పైగా ఉంటాయి. అవి కదలకుండా బిగుసుకుపోవడం మొదలైతే నల్లని తెర మీద నక్షత్రాల్లా తెల్లచుక్కలు కనిపిస్తాయి, రోజులు గడిచేకొద్దీ పెరుగుతాయి. నల్లని స్లైడ్ వేయమని అడగకపోతే ఆ చుక్కలు తెలియవు. ఈ రకంలో రంగులు వేయడానికి గిరగిరా తిరిగే రంగుల చక్రం అరిగితే గీరుతున్నట్టు శబ్దం వస్తుంది.

సంస్థ తయారుచేసిన ల్యాంపుకూ పోలరైజర్‌కూ కలిపి బాగుచేసేవారు చెప్పిన ఖర్చు మేము పెట్టిన ధరను మించిపోయింది. వెనక్కి తీసుకోమని తిరుపతికి వెళితే, అంగడి యజమాని దాని బదులు ఒక చిన్న ఎల్ఈడీ ప్రొజెక్టర్ ఇస్తాననీ, మరో నాలుగు వేలు కట్టమనీ అన్నాడు. పెట్టె మీద 9,000 ల్యూమెన్లు (వెలుగు కొలత), 4కె అని పెద్ద అక్షరాలున్నాయి. పక్కన చిన్న అక్షరాల్లో అసలు రిజల్యూషన్ (బొమ్మలోని చుక్కల సంఖ్య) 1280×720 అని, అంటే 4కె కంటే చాలా తక్కువగా ఉంది. 4కె వీడియోను స్వీకరిస్తుందన్న మాటకూ 4కె బొమ్మ వేస్తుందన్న మాటకూ చాలా దూరం. ల్యూమెన్ల సంఖ్య పక్కన ఆన్సీ లేదా ఐఎస్ఓ అన్న కొలమానం పేరు లేకపోతే ఆ సంఖ్యను లెక్కలోకి తీసుకోవద్దు. నేను ఆ పెట్టెను వద్దని తిరిగి వచ్చేశాను.

జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఇది రాసే నాటికి అంగడివారి నుంచి సమాధానం రాలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది, అయిదు లక్షల రూపాయల లోపు కొన్న వస్తువుకు రుసుము లేదు. ఆఫీసుల కోసం కొనేవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వాణిజ్య ప్రయోజనానికి కొన్న వస్తువు విషయంలో ఆ చట్టం కొనుగోలుదారును వినియోగదారుగా గుర్తించదు, స్వయం ఉపాధితో బతుకు గడుపుకొనేవారికే మినహాయింపు ఉంది. అందువల్ల వ్యాపార సంస్థలకు బిల్లు మీది రాతలే ప్రధాన ఆధారం అవుతాయి. సీరియల్ నంబరు, చెప్పిన వాడుక గంటలు, ఎన్ని రోజుల్లో వాపసు ఇస్తారన్న మాట, మూడూ బిల్లు మీద రాయించండి. రాయనన్న చోట కొనవద్దు. మేము కొన్నాక, 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, పాతదాని బేరానికి ముందు కొత్తదాని ధర మరొకసారి అడిగి చూడడం మంచిది.

పాతదే కొనాలనుకుంటే సొంత ల్యాప్‌టాప్, సొంత హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకొని పగటిపూట వెళ్లండి. కిటికీ తెరలు తీయించి, మీకు కావలసినంత పెద్ద బొమ్మ వేయించి, కనీసం ముప్పావుగంట ఆపకుండా నడిపించండి. పది నిమిషాల్లో వేడి సంగతి తెలియదు. ఫిల్టర్ మూత తీయించి చూడండి. ల్యాంపు బయటికి తీసి చూపించమని అడగండి, అయితే వేడిగా ఉన్నప్పుడు దానిని ముట్టుకోవద్దు, చల్లారేదాకా ఆగండి. మా ఊళ్లలోలాగా కరెంటు తరచుగా పోయే చోట వాడేవారు ఇన్వర్టర్ పెట్టుకోవాలి, ఎందుకంటే ఆపిన తర్వాత ఫ్యాను తిరిగి ల్యాంపును చల్లార్చే కాసింత సమయం దొరకకపోతే ల్యాంపు ఆయుష్షు తగ్గుతుంది.

పరీక్ష కోసం నేను అయిదు స్లైడ్లు తయారుచేసుకున్నాను: పూర్తి తెలుపు, పూర్తి నలుపు, బూడిదరంగు, చిన్న అక్షరాల పట్టిక ఒకటి, పండు ఈగ కుట్టిన మామిడికాయ ఒకటి. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఎవరైనా ప్రొజెక్టర్ చూడటానికి వెళుతుంటే అడగండి, పంపిస్తాను.