రూట్ కెనాల్‌లో పెట్టే సున్నం మందు: పొడి, నీటి పేస్టు, నూనె పేస్టు

పన్నెండేళ్లుగా తెనాలిలో పళ్ల క్లినిక్కు నడుపుతున్నాను. రూట్ కెనాల్ చికిత్సలో రెండు సిట్టింగుల మధ్య పంటి వేరు లోపల ఉంచే కాల్షియం హైడ్రాక్సైడ్‌ను ఇన్నేళ్లలో మూడు రూపాల్లో వాడాను: సీసాలో వచ్చే తెల్లని పొడి, సిరంజిలో సిద్ధంగా దొరికే నీటి పేస్టు, అయొడోఫామ్ అనే క్రిమిసంహారకం కలిసిన పసుపుపచ్చని నూనె పేస్టు. మూడింటిలోనూ మందు ఒకటే. అయినా దాన్ని దేనిలో కలిపారు, ఎంత తాజాగా ఉంది, పైన మూత ఎంత గట్టిగా పడింది అన్నవాటిని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుందని అనుభవం మీద తెలిసింది కాబట్టి, వాటిని విడివిడిగా పరిశీలించి రాస్తున్నాను.

వేరులో ఏం పెడుతున్నారని అడిగే పేషెంట్లకు నేను సున్నం అనే చెబుతాను. "తాంబూలంలో వేసుకునేదేనా డాక్టరు గారూ?" అని పెద్దవాళ్లు ఆశ్చర్యపోతారు. రసాయనంగా చూస్తే అదే, తడిపిన సున్నమే. అయితే ఆకుల పెట్టెలోని సున్నం శుద్ధి చేసినది కాదు. పన్ను నొప్పికి దాన్ని ఇంట్లో అద్దుకుంటే చిగురు పొక్కి పుండు పడుతుంది కాబట్టి, ఆ పని మాత్రం చేయవద్దని అక్కడికక్కడే గట్టిగా చెబుతాను. నోరు పొక్కించే ఆ క్షార గుణమే వేరు లోపల మనకు అక్కరకు వస్తుంది. దాని పీహెచ్ 12.5 వరకు ఉంటుంది. తేమ తగిలినప్పుడు వెలువడే హైడ్రాక్సిల్ అయాన్లు సూక్ష్మజీవుల పైపొరను, ప్రోటీన్లను, డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి, కొన్ని రకాల సూక్ష్మజీవులు చచ్చాక మిగిలే విషపదార్థాన్ని కూడా విరిచేస్తాయి.

ఈ మందును 1920లో జర్మనీకి చెందిన హెర్మన్ దంత వైద్యంలోకి తెచ్చాడు. దాని మీద నాకు నమ్మకం కుదిర్చినది మాత్రం 1985లో స్వీడన్‌లో బిస్ట్రోమ్ బృందం ప్రకటించిన పరిశోధన: నాలుగు వారాలు ఈ మందు ఉంచిన 35 వేరు కాలువల్లో 34 చోట్ల సూక్ష్మజీవులు దొరకలేదు. 1991లో షోగ్రెన్ బృందం ఇదే మందును పది నిమిషాలు ఉంచితే చాలలేదనీ, ఏడు రోజులు ఉంచితే పని చేసిందనీ చూపింది. పెళ్లి ఉంది, ప్రయాణం ఉంది, మూడో రోజే ముగించండి అని ఎవరు బతిమాలినా నేను వారం లోపు వేరును మూయకపోవడానికి కారణం అదే.

ఇక పొడి విషయం. గాజు పలక మీద డిస్టిల్డ్ వాటర్‌తో చిక్కగా కలిపి, లెంట్యులో అనే సన్నని మరతీగతో నెమ్మదిగా లోపలికి దింపాలి. ఖరీదు తక్కువ, కలిపిన గంటలోనే వాడేస్తాం కాబట్టి తాజాదనానికి లోటు ఉండదు అనుకునేదాన్ని. ఒక వానాకాలంలో వరుసగా ముగ్గురికి చీము తగ్గలేదు. అనుమానం వచ్చి సీసాలోని పొడిని చిటికెడు పలక మీద వేసి, సిట్రిక్ యాసిడ్ ద్రావణం ఒక్క చుక్క పోశాను. బుసబుసమని నురగ వచ్చింది. మంచి కాల్షియం హైడ్రాక్సైడ్ అయితే ఆమ్లంలో బుడగలు లేకుండా కరగాలి. నురగ వచ్చిందంటే, సరిగా బిగించని మూత లోంచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరి, పొడి చాలావరకు సుద్దగా మారిపోయిందన్న మాట. తప్పు పొడిది కాదు, మా క్లినిక్కుది. ఆ ముగ్గురినీ మళ్లీ పిలిపించి కొత్త సీసాతో చికిత్స చేశాను. అప్పటి నుంచి చిన్న సీసాలే కొంటున్నాను, తెరిచిన తేదీ మూత మీద రాస్తున్నాను, నెలకొకసారి ఆ చుక్క పరీక్ష చేస్తున్నాను. పొడి వాడేవారందరికీ నేను చెప్పదలచిన మాట ఇదే.

నీటి పేస్టు నాకు ఎక్కువగా నచ్చింది. అల్ట్రాకాల్ ఎక్స్‌ఎస్ వంటి వాటిలో 35 శాతం కాల్షియం హైడ్రాక్సైడ్‌తో పాటు ఎక్స్‌రేలో కనబడేందుకు బేరియం సల్ఫేట్ ఉంటుంది. ఉత్త సున్నం ఎక్స్‌రేలో పంటి రంగులోనే కలిసిపోయి, నిండిన కాలువ మాయమైనట్టు కనిపిస్తుంది. అది నిండిందనడానికి మంచి గుర్తే అయినా, కొత్తవారు తడబడతారు. ఈ పేస్టు సూదిని కాలువలో ఎక్కడా బిగుసుకోనివ్వకుండా, వేరు చివరకు రెండు మిల్లీమీటర్ల ఇవతలే ఆపి, నొక్కుతూ వెనక్కి లాగుతూ రావాలి. పైన కాలువ నోటి దగ్గర తెల్లగా ఉబికిందంటే లోపల నిండినట్టే. కింది దవడ పళ్లలో నరం దగ్గరగా ఉంటుంది కాబట్టి, అక్కడ గట్టిగా నొక్కి పేస్టును వేరు దాటిస్తే పెదవి తిమ్మిరి దీర్ఘకాలం మిగిలిపోవచ్చు. చేతికి ఇంత సులువుగా వచ్చే సిరంజిలో దాగిన అపాయం ఇదొక్కటే, కానీ ఇది చిన్నది కాదు. నలభై ఏళ్ల ఒక ఆవిడకు కింది దవడ పన్ను పక్కన చిగురు మీద ఏడాదిగా మానని చీము పొక్కు ఉండేది. ఈ పేస్టు పెట్టి పంపిన పదో రోజున చూస్తే ఆ చోట గులాబి రంగు మచ్చ తప్ప మరేమీ లేదు.

నూనె పేస్టు సంగతి వేరు. వైటాపెక్స్ వంటి వాటిలో సుమారు 30 శాతం కాల్షియం హైడ్రాక్సైడ్, 40 శాతం అయొడోఫామ్, మిగిలినది ఎక్కువగా సిలికోన్ నూనె. వేరు దాటినా శరీరం దాన్ని క్రమంగా పీల్చుకుంటుంది కాబట్టి పిల్లల పాలపళ్లకు శాశ్వతంగా నింపడానికి అది చక్కగా సరిపోతుంది. పెద్దల పళ్లలో రెండు సిట్టింగుల మధ్యకు మాత్రం నేను వాడను. నూనెలో అయాన్లు నెమ్మదిగా వెలువడతాయి, తరువాత గోడలకు అంటుకున్న జిడ్డు ఒక పట్టాన వదలదు, ముందు పళ్లకు పసుపు ఛాయ వచ్చే అవకాశమూ ఉంది.

నిజానికి ఏ పేస్టునైనా పూర్తిగా తీయడం పెట్టడం కన్నా కష్టం. నీళ్లతో కడిగితే చాలదు; కాల్షియాన్ని పట్టి లాగే 17 శాతం ఈడీటీఏ ద్రావణం పోసి అల్ట్రాసోనిక్ మొనతో కదిలిస్తే మజ్జిగలాంటి తెల్లని నీరు వస్తూనే ఉంటుంది, అది తేటబడేదాకా ఆగాలి. మిగిలిపోతే చివరగా కాలువను మూసే సీలరు అనే అంటు పదార్థం గోడకు పట్టదు. మరో లోపం, ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే సూక్ష్మజీవి ఈ క్షారాన్ని తట్టుకుని బతకగలదు, పైగా పంటి గోడ కూడా క్షార బలాన్ని కొంత తగ్గిస్తుంది. అందుకే ఇదివరకు రూట్ కెనాల్ చేసి చెడిన పళ్లలో నేను క్రిములను చంపే 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ జెల్‌ను కూడా ఆశ్రయిస్తాను. వేరు చివర ఇంకా మూసుకోని పిల్లల పళ్లలో నెలల తరబడి సున్నం ఉంచే పాత పద్ధతినీ మానేశాను, ఎందుకంటే ఏడాదిలో పంటి బలం దాదాపు సగానికి పడిపోతుందని 2002లో ఆండ్రియాసెన్ బృందం గొర్రెల పళ్ల మీద చూపింది. ఆ పనికి ఇప్పుడు వేరు చివరను మూసే ఎంటీఏ అనే సిమెంటు ఉంది.

ప్రస్తుతం పెద్దల పళ్లకు నీటి పేస్టు, పాలపళ్లకు నూనె పేస్టు తెప్పిస్తున్నాను, పేస్టు అందని రోజులకు పొడి చిన్న సీసా ఒకటి ఉంచుతున్నాను. ఏది పెట్టినా పైన తాత్కాలిక సిమెంటు మూడున్నర మిల్లీమీటర్లకు తగ్గకుండా వేస్తాను. అది ఊడినట్టు అనిపిస్తే ఇచ్చిన తేదీ దాకా ఆగకుండా అదే రోజు క్లినిక్కుకు రమ్మని ప్రతి పేషెంటుకూ చీటీ వెనుక రాసి ఇస్తున్నాను.